చేప నెత్తుటిలో కేంద్రకం

నాది దురుసు చెయ్యి. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఒకదాంట్లో బోటనీ చెబుతాను. ఏలూరులో పొద్దున్నే పాసింజరు ఎక్కితే మొదటి పీరియడ్‌కి అందుకుంటాను. కిటికీ పక్కన కూర్చుని, ఇవాళ ఎవరెవర్ని కొట్టాలో ముందే అనుకుని వెళ్లిన రోజులున్నాయి. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. పాఠం ఎంతవరకు చెప్పాలో అనుకున్నట్టే దెబ్బలు కూడా అనుకునేదాన్ని.

కొట్టడం నాకు ఇంట్లోనే వచ్చింది. మా నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. తెల్లారగట్ల అందరం చాప మీద మోకరించి ప్రార్థన చేసేవాళ్లం. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఆయన ఒళ్లో బైబిలుతో పాటు చింతబరికె ఉండేది. అప్పుడు ఎక్కాలు. తప్పితే పిక్కల మీద. ఒకసారి మా అన్నయ్య పదిహేడో ఎక్కం మధ్యలో ఆగిపోతే బరికె విరిగేదాకా కొట్టి, ఇంకోటి కోసుకురమ్మని వాణ్నే పంపారు. వాడు వెక్కుతూ వెళ్లి లావుపాటిది చూసి కోసుకొచ్చాడు. సన్నది తెస్తే మళ్లీ పంపుతారని వాడికి తెలుసు. వాడి తర్వాత నా వంతు. వాడి పిక్కల మీద నెత్తురు చారలు చూస్తూ ఎక్కం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేశాను. నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది. ఇంక దెబ్బలు మంచివి కావని నాకెవరు చెప్పాలి?

పిల్లల్ని కొట్టకూడదని కాలేజీకి ఏటా కాగితం వస్తుంది. చదివినట్టు అందరం సంతకం పెడతాం. ఆ వారంలోనే చేర్పించడానికి వచ్చిన తండ్రులు మా ముందు చేతులు కట్టుకుని, "కళ్లు రెండూ వదిలేసి మిగతాదంతా ఒలిచేయండి మేడమ్ గారూ, మేమేం అడగం" అనేసి వెళతారు. ఆ కాగితం మీద సంతకం కంటే ఈ మాటే నాకు పెద్ద ఆర్డరులా అనిపించేది.

మొదటి సంవత్సరంలో కణం పాఠమంటే నాకు ప్రాణం. కంటికి ఆనని ఆ చుక్కలో ఎంత రభస జరుగుతుందో చెబుతుంటే నాకే ఒళ్లు తెలిసేది కాదు. మైటోకాండ్రియాకి రెండు పొరలు, లోపలి పొర ముడతలు ముడతలుగా ఉంటుంది, ఆ ముడతల మీదే కణానికి కావలసిన శక్తి తయారవుతుంది. గరుకుజాలమనే పొరల అల్లిక మీద రైబోజోములు అంటుకుని ప్రోటీన్లు అల్లుతూ ఉంటాయి. గాల్జీ వాటిని అందుకుని, సర్ది, మూటకట్టి, ఎక్కడికి పోవాలో అక్కడికి పంపుతుంది. మొక్క కణంలో అయితే నడిమధ్య రిక్తిక అనే పెద్ద సంచి నీళ్లతో ఉబ్బి, మిగతావాటన్నిటినీ గోడకేసి నొక్కేస్తుంది. లైసోజోముల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగేది. చిన్న చిన్న సంచులు అవి, లోపల దేన్నయినా అరగదీసే ఎంజైములు. పాతబడ్డదాన్ని, పాడైపోయినదాన్ని, బయటినుంచి చొరబడ్డదాన్ని మింగి కరిగించేస్తాయి. ఆ సంచులే పగిలాయంటే వాటిని దాచుకున్న కణం కూడా కరిగిపోవాల్సిందే. ఈ మాట చెప్పి వరుసల వెంట చూసేదాన్ని. పిల్లల మొహాల్లో భయం కనబడేది. అది చూడటం నాకు ఇష్టంగా ఉండేది, అబద్ధం ఎందుకు?

మర్నాడు అప్పజెప్పించుకోవడం. వరుసగా నిలబెట్టి, చేతులు బోర్లా చాపించి, స్టీలు స్కేలు అంచు నిలువుగా పట్టుకుని అడిగేదాన్ని. "రైబోజోముకి పొర ఉందా?" "లేదండీ." "మైటోకాండ్రియాకి?" "రెండండీ." "లైసోజోముకి?" తడబడితే వేలి కణుపుల మీద దెబ్బ. లైసోజోముకి ఒక్క పొరే. రెండు అన్న ఒక పిల్లకు దెబ్బ గోరు మీద పడి, అది నల్లబడి, తర్వాత ఊడిపోయింది. ఆ పిల్ల పరీక్షలో ఆ బిట్టు తప్పు పెట్టలేదు. చూశారా, నా పద్ధతి ఎలా పనిచేస్తుందో అని స్టాఫ్ రూములో చెప్పుకున్నాను కూడా. అందరూ నవ్వారు.

ఆ ఏడు నా క్లాసులో కొల్లేటి లంక నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. తండ్రి చేపల చెరువుల మీద కాపలా. పక్షులు చేపల్ని ఎత్తుకుపోకుండా టపాకాయలు పేల్చడం, దొంగతనంగా వల వేసేవాళ్లను పట్టుకుని తన్నడం ఆయన పని. కూతుర్ని చేర్పించేటప్పుడు ఆయన కూడా ఆ ఒలిచేయమనే మాటే అన్నాడు. పిల్ల బక్కగా, నూనె రాసి బిగించిన రెండు జడలతో, మూడో బెంచీలో గోడవైపు కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఒక్క చెడ్డ అలవాటు మాత్రం ఉంది: చూసింది చూసినట్టు చెప్పడం. ఉల్లిపొర ప్రాక్టికల్లో అందరూ పుస్తకంలో బొమ్మ తలచుకుని ఇటుకలు పేర్చినట్టు కణాలు గీస్తే, ఈ పిల్ల స్లైడులో చిక్కుకున్న గాలిబుడగను కూడా గుండ్రంగా గీసి పెట్టింది.

"ఇదేంటే?" అన్నాను.

"అక్కడ ఉందండీ మేడమ్."

చెవి మెలిపెట్టి తుడిపించాను. మార్కులకు పనికొచ్చేదే గియ్యాలి, కళ్లకు కనబడినదల్లా కాదు అని చెప్పాను. తల ఊపింది.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం వాన వెలిసి ఉక్కగా ఉంది, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి, చీర వీపుకు అతుక్కుంటోంది. ఇవన్నీ సాకులు కావు. కరెంటు ఉన్నా కొట్టేదాన్నే. కణం పాఠం మీద బిట్లు అడుగుతున్నాను. కేంద్రకం లేని కణాలు ఏవి? మా కాలేజీ మెటీరియల్లో దానికి జవాబు రెండే మాటలు: ఎర్ర రక్తకణాలు, చాలనీనాళాలు, అంటే మొక్కలో ఆహారం మోసే గొట్టాలు. ముందు బెంచీల వాళ్లు గడగడా చెప్పేశారు. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడింది.

"చెప్పవే."

"చాలనీనాళాలండీ."

"రెండోది?"

"ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉంటుందండీ మేడమ్."

క్లాసంతా కిసుక్కుమంది. నేను పుస్తకం మూశాను. "ఏంటీ, మళ్లీ చెప్పు?"

"ఉంటుందండీ. నేను చూశానండీ."

"ఎక్కడ చూశావు, కల్లోనా?"

"ఆకివీడులో చేపల ల్యాబు ఉందండీ. మా చెరువులో చేపలు చచ్చిపోయి తేలుతుంటే మా నాన్న నన్ను తీసుకుని వెళ్లారండీ. ఆ ల్యాబాయన మొప్ప కోసి, మైక్రోస్కోపులో పెట్టి నన్ను కూడా చూడమన్నారండీ. ఎర్రకణాలు కోలగా ఉన్నాయండీ. ఒక్కోదాని మధ్యలో చుక్క ఉందండీ. అది కేంద్రకమేనని ఆయనే చెప్పారండీ."

ఇప్పుడు క్లాసు పైకే నవ్వింది. చేపలు, మొప్పలు అనేసరికి ఎవరో వెనక బెంచీలోంచి ముక్కు మూసుకుని ఛీ అన్నారు. ఆ నవ్వు ఆ పిల్ల మీదిదో నా మీదిదో నాకు తెలియలేదు. మన నెత్తురూ చేప నెత్తురూ ఒకటేనా అని ఇక్కడ నన్ను నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నాకా ప్రశ్న తట్టలేదు. మొక్కలు చదివినదాన్ని, చేప నెత్తురు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. స్కేలు బల్ల మీద పడేసి చేతికి పని చెప్పాను.

మొదటి దెబ్బ చెంప మీద. "పుస్తకం రాసినవాళ్ల కంటే నీకెక్కువ తెలుసా?"

"లేదండీ. కానీ చూశానండీ."

రెండోది చెవి మీద పడింది. అరచెయ్యి మొత్తం చెవిని కప్పేసినట్టు తగిలింది, పేలినట్టు చప్పుడైంది. "ఇప్పుడు చెప్పు. ఉందా, లేదా?"

"ఉందండీ."

జడ పట్టుకుని బెంచీలోంచి ఈడ్చాను. పక్క పిల్ల పుస్తకాలు కిందపడ్డాయి. బోర్డు దగ్గరకు లాక్కెళ్లి, దాని తల బోర్డుకేసి కొట్టాను. ఉందా లేదా? ఉందండీ. మళ్లీ చెంప మీద. ఉందా లేదా? ఏడుపు మొదలైంది, ఏడుస్తూనే ఉందండీ అంది. ఇంత కూడా లేని పిల్ల, నా భుజం దాకా రాదు, ఎందుకంత మొండితనం అని నాకు కోపం నషాళానికి అంటింది. మళ్లీ అదే చెవి మీద. ఎన్నో దెబ్బో నేను లెక్కపెట్టలేదు. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, "లేదండీ, లేదండీ మేడమ్, కొట్టకండి" అంది.

"ఏది లేదు? పూర్తిగా చెప్పు."

"ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదండీ."

క్లాసులో ఎవరూ నవ్వడం లేదు. పిల్ల ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి దిగుతోంది. చున్నీతో తుడుచుకుని వెళ్లి కూర్చోమన్నాను. తర్వాతి పిల్లను లేపి తర్వాతి బిట్టు అడిగాను. 

మర్నాడు ఆ పిల్ల తల ఒక పక్కకు వంచుకుని కూర్చుంది. చెవిలో హోరుగా ఉందని హాస్టల్లో చెప్పిందట. ప్రిన్సిపాల్ గారు ఊళ్లోనే ఉన్న చెవి డాక్టరు దగ్గరికి పంపించారు. కర్ణభేరి చిరిగిందన్నాడు డాక్టరు. నీళ్లు తగలనివ్వకపోతే దానంతటదే పూడవచ్చు, చీము పడితే మాత్రం ఆ చెవి మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడట. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మేడమ్ గారూ, ఇన్వర్టరు మీద ఉన్న క్లాసు కెమెరాలో మొత్తం పడిందండీ. అది చెరిపించేశాను లెండి. కొట్టద్దని నేననను, కానీ చెవి మీద ఎందుకండీ? వీపు లేదా?"

ఆయన అన్నది అంతే. తండ్రికి ఫోన్ చేశామని, వస్తే నన్ను కాసేపు మెత్తగా మాట్లాడమని చెప్పారు.

తండ్రి ఆ సాయంత్రమే వచ్చాడు. చెరువు మీంచి లేచి వచ్చినట్టున్నాడు, లుంగీ అంచుకు బురద ఆరి ఉంది. పెద్ద మనిషి, ఎముకలు గట్టివి.  ఆ చెయ్యి నా మీద పడితే నేనేమవుతానో అనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు పిల్లను పిలిపించి, "క్లాసులో మేడమ్ గారికి ఎదురు చెప్పిందండీ. చిన్న దెబ్బేనండీ, తగలరాని చోట తగిలింది" అన్నారు.

ఆయన నావైపు తిరిగాడు. "ఎదురు చెప్పిందాండీ?"

నేను తల ఊపాను.

ఆయన కూతురి వైపు తిరిగి వీపు మీద గుద్దాడు. పిల్ల ప్రిన్సిపాల్ గారి బల్ల మీద బోర్లా పడింది. లేవబోతుంటే నడుము మీద తన్నాడు. "పంతులమ్మ గారికి ఎదురు చెబుతావటే? చదువుకోమని పంపిస్తే ఎదురు చెబుతావటే? పద, గట్టు మీద పడుందువు గాని, పక్షుల్ని తోలుకుందువు గాని." మళ్లీ చెయ్యెత్తాడు, ఈసారి బాగున్న చెవి వైపు. ప్రిన్సిపాల్ గారు మధ్యలో దూరి చెయ్యి పట్టుకున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. 

"మేడమ్ గారికి దణ్ణం పెట్టి తప్పయిందని చెప్పవే" అన్నాడు తండ్రి.

పిల్ల రెండు చేతులూ జోడించింది. "తప్పయిందండీ మేడమ్. ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదండీ."

"సరేలే, బుద్ధిగా చదువుకో" అన్నాను. గెలిచానని అనిపించింది. ఛీ, ఇప్పుడు తలచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది గానీ, ఆ క్షణాన గెలిచాననే అనిపించింది.

తండ్రి గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఇందాకటి గొంతు కాదు. "మేడమ్ గారూ, దాని చెవి వస్తదంటారాండీ? మా గట్టు మీద ఎవడైనా నీళ్లలో దిగితే నాకంటే ముందు అదే వింటదండీ." వస్తుందన్నాను. ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూములో ఈ సంగతి మాటల్లోకి వచ్చింది. జువాలజీ చెప్పే అమ్మాయి ఆ ఏడే చేరింది, నాకంటే బాగా చిన్నది. టిఫిన్ బాక్సు మూసి, భయపడుతూనే అంది.

"మేడమ్ గారూ, ఆ పిల్ల చెప్పింది చేప రక్తం గురించి కదండీ? చేపలకి ఉంటుందండీ. కప్పలకి, పక్షులకి కూడా ఉంటుందండీ. లేనిది పాలిచ్చే జంతువులకేనండీ."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"అయ్యో, కాదండీ."

అటెండెన్సు రిజిస్టరు విసిరేశాను. ఆ అమ్మాయి నుదుటికి తగిలింది. అందరూ చూస్తుండగానే చెప్పులేసుకుని బయటికొచ్చి, ఆటో ఎక్కి చేపల బజారుకు వెళ్లాను. ఈ పిల్లకాకికి, ఆ పిల్లకు, అందరికీ చూపిస్తానని నా పంతం. బతికున్న కొరమేనును సంచిలో వేయించుకుని ల్యాబుకు తిరిగొచ్చాను. అప్పుడు ల్యాబులో క్లాసు లేదు.

కొరమేను నీళ్లు లేకపోయినా ఒక పట్టాన చావదు. బల్ల మీద పెట్టగానే ఎగిరి, రెండు బీకర్లు పగలగొట్టి కింద పడింది. పట్టుకుంటే జారిపోతోంది. టెస్టుట్యూబులు బిగించే ఇనపస్టాండు అందుకుని దాని తల మీద కొట్టాను. చావలేదు. మళ్లీ కొట్టాను. తోక నేలకేసి టపటపా బాదుతూనే ఉంది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో ఒక కన్ను బయటికొచ్చింది, తోక ఆగింది. చీర కుచ్చిళ్ల మీద నెత్తురు. మొప్ప కోసి, ఒక చుక్క స్లైడు మీద పరిచి, రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఉంది. కణాలన్నీ కోలగా ఉన్నాయి. ఒక్కోదాని నడిమధ్య ముదురు రంగులో కేంద్రకం ఉంది. స్లైడు జరిపాను. ఉంది. ఇంకా జరిపాను. ఎక్కడ చూసినా ఉంది. ఎంత వెతికినా లేని కణం ఒక్కటి కూడా దొరకలేదు.

అక్కడే స్టూలు మీద కూర్చుని బీరువాలోంచి అసలు పాఠ్యపుస్తకం తీశాను. అందులో స్పష్టంగా ఉంది, కేంద్రకం లేనివి క్షీరదాల ఎర్ర రక్తకణాలని. మా మెటీరియల్లో ఆ క్షీరదాలన్న మాట లేదు. ఆ మెటీరియల్ రాసింది వేరెవరో కాదు, నేనే. బిట్టు పొట్టిగా ఉంటే పిల్లలకు త్వరగా నోటికొస్తుందని ఆ మాట ఎన్నో ఏళ్ల కింద కొట్టేసి, మరిచిపోయింది కూడా నేనే. మన ఎర్ర రక్తకణం పెరిగేటప్పుడు తన కేంద్రకాన్ని తానే బయటికి నెట్టేసుకుంటుంది, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కి చోటు చాలాలని. చేప తన కేంద్రకాన్ని అట్టేపెట్టుకుంటుంది. ఇంతే తేడా. ఇంత చిన్న తేడా కోసం ఒక పిల్ల చెవి పగలగొట్టాను. అది నిజం చెబుతుంటే నిజం వదిలేదాకా కొట్టాను. నేల మీద చచ్చిన చేప పక్కన కూర్చుని భోరున ఏడ్చాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. చెవి సంగతి డాక్టరు చూసుకుంటాడు. కానీ ఆ పిల్ల నోట ఆ మాట మళ్లీ రావాలి. చేపకి కేంద్రకం ఉందండీ, నేను చూశానండీ అని మొదటిరోజు చెప్పినట్టు తనంతట తానే చెప్పాలి. చెబితే, నేను పాడుచేసింది బాగుపడినట్టే. చెప్పకపోతే మాత్రం ఆ దెబ్బలు చెవి దగ్గర ఆగలేదన్నమాట.

స్కేలు బీరువాలో పెట్టి తాళం వేశాను. జువాలజీ అమ్మాయికి క్షమించమని చెప్పాలనుకున్నాను, టిఫిన్లో కూర ఇచ్చి ఊరుకున్నాను. లంక పిల్లను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆటోలో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. నోటిదాకా వచ్చేది, తప్పు నాదమ్మా అని. వచ్చి ఆగిపోయేది. దేవుణ్ని రోజూ మోకరించి క్షమించమని అడుగుతాను. మనిషిని అడగడం నాకు అలవాటు లేదు. మా నాన్నగారు ఎవర్నీ అడగగా నేను చూడలేదు. పిల్ల కిటికీ లేని ఆటోలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేది. నేను కొంగు సర్దుకోవడానికి చెయ్యి కదిలిస్తే ఆటో అవతలి అంచుకు జరిగేది.

క్లాసులో మాత్రం ఆ పిల్ల మారిపోయింది. స్లిప్ టెస్టుల్లో అన్నీ రైటే. ఏం అడిగినా మెటీరియల్లో ఉన్న మాటలు, ఉన్న వరుసలో, గడగడా. ప్రాక్టికల్ రికార్డులో కణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే. ప్రిన్సిపాల్ గారు సంతోషపడి, "చూశారా మేడమ్ గారూ, దారికొచ్చేసింది" అన్నారు. నేను ఆ రికార్డు మూసి పక్కన పెట్టాను. ఒక నెల దాటాక డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, చిరుగు పూడిందన్నాడు. వినికిడి బాగానే ఉందన్నాడు. తండ్రికి నేనే ఫోన్ చేసి చెప్పాను. "దేవుడిలాంటోరండీ మేడమ్ గారూ" అన్నాడాయన. 

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పిల్లను ల్యాబుకు పిలిచాను. పొద్దున్నే చేప తెచ్చి స్లైడు తయారుచేసి పెట్టాను. ముందుగా తప్పు ఒప్పుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. నేను టీచర్ని. సగం జీవితం ప్రశ్నలు అడుగుతూ గడిపాను. నేను అడిగితే అది చెబుతుంది, చెప్పగానే నువ్వే రైటమ్మా అంటాను, అదే నా క్షమాపణ అనుకున్నాను.

"ఇది చేప నెత్తురు. చూసి, ఏం కనబడిందో చెప్పు" అన్నాను.

పిల్ల వంగింది. మరను మెల్లగా తిప్పింది. అలవాటున్న చెయ్యి. ఒకచోట ఆగింది.  అది చూసిందని నాకు తెలుసు, ఆ మొహం మీద ఒక్క క్షణం వెలుగొచ్చింది, నా కళ్లతో నేను చూశాను. ఆ తర్వాత తలెత్తి, నా మొహం వైపు కాదు, నా కుడిచేతి వైపు చూసింది.

"ఏం కనబడింది?"

"ఎర్ర రక్తకణాలండీ."

"వాటి మధ్యలో?"

దాని ఎడమ భుజం మెల్లగా పైకి లేచి చెవిని కప్పుకుంది.

"వాటి మధ్యలో ఏముంది? భయం లేదు, చెప్పు."

"ఏం లేదండీ మేడమ్."

"ఇంకోసారి చూడు."

వంగి చూసింది. చాలాసేపు చూసింది. "లేదండీ."

నేను అరవకూడదనే అనుకున్నాను. నా గొంతు నా మాట వినలేదు. "సరిగ్గా చూడవే! ఉంది కదా, ఎదురుగా ఉంది కదా!"

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని, స్టూలు మీదే ముడుచుకుపోయింది. నేను దాని ముందు నేల మీద మోకరించాను. ముట్టుకోవడానికి కూడా భయమేసింది. "ఉందమ్మా. చేపకి కేంద్రకం ఉంటుంది. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది. నీకు తెలిసింది నాకు తెలియలేదు. నేను కొట్టకూడదు. నన్ను క్షమించమ్మా." ఇన్నాళ్లూ రాని మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. ఏడుస్తూ చెప్పాను. దాని చేతులు మెల్లగా చెవుల మీంచి దిగాయి.

కళ్లు తెరిచి నన్ను చూసింది. మైక్రోస్కోపు వైపు చూడలేదు. బుద్ధిగా తల ఊపింది.

"ఆయ్. ఉందండీ మేడమ్. మీరు ఉందంటే ఉన్నట్టేనండీ" అని, బెల్లు కొడతారేమో, క్లాసుకు వెళ్లనా అని అడిగింది.